రెండోసారి కాలిన మోటరు, కోపంతో వచ్చిన రైతు

ప్రశ్న: కల్యాణదుర్గంలో చాలా ఏళ్ళుగా మోటరు వైండింగ్ అంగడి నడుపుతున్నాను. మొన్న ఏప్రిల్‌లో ఒక రైతుకు ఏడున్నర హెచ్‌పీ బోరు మోటరు వైండింగ్ కట్టి ఇచ్చాను. పది రోజులు తిరక్కుండానే మళ్ళీ కాలిపోయింది. నలుగురిని వెంటేసుకొని వచ్చి అంగడి ముందు నానా మాటలు అన్నాడు. నేనూ ఊరుకోలేదు. 'నడపడం చేతకాక కాల్చుకొని నా మీద పడతావా' అన్నాను. విప్పి చూసేదాకా కూడా ఆగకుండా మోటరు ఎత్తుకొని ఇంకో అంగడికి పోయాడు. అప్పటి నుంచి ఆ ఊరి మోటరు ఒక్కటీ నా గడప తొక్కలేదు. 'కాస్త నవ్వు మొహంతో మాట్లాడి ఉంటే ఏం పోయేది' అంటుంది నా భార్య. నవ్వితే తప్పు నాదేనని ఒప్పుకున్నట్టు కాదా? మెత్తగా ఉంటే నెత్తికెక్కరా? మంచితనంతో అంగడి నడుస్తుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

సమాధానం: ఒక ఊరి బేరం పోయిందని మీరు బాధపడుతున్నారు. అంతకన్నా విలువైనది ఇంకొకటి ఆ రోజు మీ చేయి జారింది. ఆ మోటరు ఎందుకు కాలిందో మీకు ఇప్పటికీ తెలియదు. కాయిలు దూర్చేటప్పుడు తీగ గీసుకుపోయిందా, వోల్టేజీ పడిపోయిందా, బోరులో నీళ్ళు అడుగంటాయా, రెండు ఫేజుల మీద నడిపారా? ఏదీ తేలలేదు. కారణం పొలంలో ఉంటే ఆ మోటరు కొత్త వైండింగ్‌తో మళ్ళీ అదే బోరులోకి దిగి మూడోసారీ కాలుతుంది. కారణం మీ అంగట్లో ఉంటే వచ్చే నెల ఇంకొకరి మోటరులో బయటపడుతుంది.

మీ పనిలో మంచితనం లాభం ముందు ఇక్కడ కనిపిస్తుంది, బేరం సంగతి తర్వాత. కాలిన మోటరు చెప్పాల్సిన కథలో సగం స్టేటరు లోపల, అంటే తీగ చుట్టిన కదలని భాగంలో, ఉంటుంది. మిగతా సగం దాన్ని నడిపిన మనిషి నోట్లో ఉంటుంది. స్టేటరును పానా పట్టి విప్పుతారు. మనిషిని విప్పే పనిముట్టు మీ మాట ఒక్కటే. కసిరిన మనిషి దాచుకుంటాడు, ఆదరించిన మనిషి చెబుతాడు. 'నడపడం చేతకాక' అని మీరు అన్న క్షణం నుంచి ఆ రైతు మీకు నిజం చెప్పే దారి మూసుకుపోయింది. చెబితే నలుగురిలో తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఆయనకూ తెలుసు.

ఆయన ఏ స్థితిలో మీ గడప తొక్కాడో ఒకసారి చూడండి. ఐదారు వందల అడుగుల బోరులోంచి మోటరు తీయాలంటే పైపులు, కేబులు, చైన్ పుల్లీ, ట్రాక్టరు, నలుగురు మనుషులు, వాళ్ళ కూలి, వాళ్ళ తిండి. మొదటిసారి తీశాడు, దించాడు. మళ్ళీ తీశాడు, మళ్ళీ దించాలి. మీ వైండింగ్ కూలి కంటే ఆ ఎత్తుడు దించుడు ఖర్చే చాలాసార్లు ఎక్కువ. చీనీ, అంటే బత్తాయి, తోట అయితే ఏప్రిల్ ఎండలో తడి తప్పితే పిందె రాలుతుంది, టమాటా అయితే పూత రాలుతుంది. వానలు అరుదైన మన జిల్లాలో బోరు ఆగిందంటే ఇంటి రాబడి ఆగినట్టే. ఆయన అరుపు పైకి మీ మీద ఉన్నా, అందులో ఎక్కువ భాగం ఎండుతున్న చెట్ల గురించిన భయం. ఆ భయానికి జవాబు చెప్పకుండా వైండింగ్ గురించి ఎంత సరిగ్గా వాదించినా ఆయన చెవికి ఎక్కదు.

ఇక మొదటి పది నిమిషాలు. అసలు పనంతా ఇక్కడే ఉంది.

మనుషులు గడప దగ్గర కనిపించగానే చేతిలో పని పక్కన పెట్టి లేచి నిలబడండి. కూర్చుని తలెత్తకుండా 'ఏంది?' అంటే అక్కడే సగం గొడవ మొదలవుతుంది. గుంపులో పెద్దవాడు ఎవరో చూసి ముందు ఆయన్ని పలకరించండి. 'రా మామా, కూర్చో', 'దా పెద్దాయనా', మీకు వాడుకలో ఉన్న వరసతోనే. మోటరు మోసుకొచ్చిన వాళ్ళు ఆ బరువు దించుకోవడానికి చేయి వేయండి. అందరికీ కుండలో నీళ్ళు ఇప్పించండి. ఇవి మర్యాదలు మాత్రమే కావు, నలభై డిగ్రీల ఎండలో వచ్చిన మనిషి కోపంలో కొంత దాహం కూడా ఉంటుంది. కూర్చున్న మనిషి నిలబడినంత గట్టిగా అరవలేడు.

ఆ తర్వాత ఆయన్ని మాట్లాడనీయండి, పూర్తిగా. మధ్యలో ఒక్క మాట అడ్డం వేస్తే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటాడు. అడ్డం లేకపోతే చెప్పాల్సింది ఐదు నిమిషాల్లోపే అయిపోతుంది. వింటూ మోటరు వైపు చూడకండి, ఫోను వైపు అసలు చూడకండి. ఆయన ఆగాక మీ మొదటి మాట మోటరు గురించి ఉండకూడదు. 'తోట ఎట్లుంది మామా? తడి లేకుండా ఇంకా ఎన్నాళ్ళు ఆగుతుంది?' అని అడగండి. ఊరికే పరామర్శగా అడగొద్దు, జవాబును బట్టి పని క్రమం మార్చుకోవడానికే అడగండి. రెండు రోజులు కూడా ఆగదంటే ఆ మోటరు ముందు పడాలి, లేదా పక్కన వేరే ఏర్పాటు చూడాలి.

ఆ తర్వాత మూడు మాటలు చాలు. 'నీకు వచ్చిన కష్టం పెద్దది. ఎందుకు కాలిందో నీ ఎదురుగానే విప్పి చూస్తా. నా పనిలో లోపం కనపడితే నా ఖర్చుతో కట్టిస్తా.' ఇందులో మీరు తప్పు ఒప్పుకున్నదెక్కడ? ఆయన మీద తోసిందెక్కడ? రెండూ లేవు. కాకపోతే ఈ మాటల వెనకాల 'కానీ' అని తగిలించకండి. 'కట్టిస్తా, కానీ నువ్వు వోల్టేజీ లేకుండా నడిపి ఉంటే...' అన్నారంటే ముందు చెప్పిందంతా కొట్టుకుపోతుంది. ఆ 'కానీ' చెప్పే సమయం వేరే వస్తుంది, స్టేటరు బయటికి వచ్చాక.

నవ్వు గురించి మీ అనుమానంలో కొంత నిజం ఉంది. చెట్లు ఎండుతున్న మనిషి ముందు పళ్ళు కనపడేలా నవ్వితే అది అవమానమే. ఆ వేళ కావాల్సింది మొహంలో చికాకు లేకపోవడం, గొంతు దిగి ఉండడం. హుషారు తర్వాత చూపించాలి, టీ తాగాక, మోటరు విప్పే పనిలో పడ్డాక. 'ఈ మోటరుకు నా అంగడి బాగా నచ్చినట్టుంది మామా, వదిలిపోవడం లేదు' లాంటి మాట అప్పుడు చెల్లుతుంది, గడప దగ్గర చెల్లదు. మీ భార్య చెప్పిన నవ్వు మొహం మంచి సలహానే, వేళ చూసి వాడుకోవాలి అంతే.

ఇప్పుడు విప్పడం. మనుషులు ఉండగానే విప్పండి. 'రేపు రండి, చూసి చెబుతా' అంటే మీరు లోపల ఏదో మార్చేశారన్న అనుమానం ఊరంతా తిరుగుతుంది. విప్పే ముందు కేబులు జాయింటు దగ్గర, కరెంటు లీకేజీ చూపే మెగ్గర్ మీటరు పెట్టి చూడండి, తర్వాత జాయింటు కోసేసి మోటరుకు విడిగా, కేబులుకు విడిగా చూడండి. కేబులులోనే లీకేజీ ఉంటే, జాయింటు టేపులోకి నీళ్ళు ఎక్కి ఉంటే, గొడవ అక్కడే సగం తీరిపోతుంది. ఆ జాయింటు ఎవరు వేశారన్నది మాత్రం అప్పుడే అడగొద్దు.

స్టేటరు కనపడ్డాక కాలిన తీరు చూపిస్తూ మాట్లాడండి. మీకు తెలిసిన సంగతులే, రైతుకు చెప్పే మాటల్లో ఇక్కడ రాస్తున్నాం. మూడు ఫేజుల కాయిళ్ళూ ఒకేలా మాడి ఉంటే మోటరు మొత్తం మీద భారం ఎక్కువైంది: వోల్టేజీ తక్కువ, పంపు బిగుసుకుపోవడం, లేదా నీళ్ళు లేక చల్లదనం అందకపోవడం. కాయిళ్ళ కొసలు మూడూ ఒకచోట కలిపే స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజులు మాడి ఒకటి శుభ్రంగా ఉంటే ఒక ఫేజు రాకుండానే నడిచింది. వాటిని త్రికోణంలా కలిపే డెల్టాలో అదే జరిగితే ఒక ఫేజు మాడుతుంది, రెండు మిగులుతాయి. మిగతా వైండింగ్ అంతా కొత్తగా ఉండి ఒక్క చోట, అదీ కాయిలు దూర్చే స్లాటు అంచున చిన్న మచ్చలా కాలి ఉంటే అది తీగ గీసుకుపోయిన దెబ్బ కావచ్చు. పిడుగు దెబ్బ కూడా ఒక్కోసారి అలాగే ఒక చోట పొడుస్తుంది, కాబట్టి ఆ వారంలో ఉరుములతో వాన పడిందేమో అడగాలి. పంపులో నీళ్ళు తోసే ఇంపెల్లర్లు, బుష్షులు వేడికి వంకర తిరిగి ఉంటే మోటరు నీళ్ళు లేకుండా తిరిగింది. కింద బరువు మోసే థ్రస్ట్ బేరింగు అరిగి, అడుగున ఇసుక ఉంటే బోరు ఇసుక తోలుతోంది.

ఈ గుర్తులు వేలు పెట్టి చూపించండి, రైతుకే కాదు, వెంట వచ్చిన నలుగురికీ. రాయలసీమ రైతుకు మోటరు కొత్త వస్తువేమీ కాదు. చూపిస్తే అర్థం చేసుకుంటాడు. నలుగురూ చూసిన దాన్ని ఊళ్ళో ఎవరూ మార్చి చెప్పలేరు. గొడవకు సాయంగా వచ్చిన మనుషులే సాక్షులుగా తిరిగిపోతారు.

తర్వాత ప్రశ్నలు. ఇక్కడ మాట తీరు ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. కొన్ని చోట్ల త్రీఫేజు లేని వేళ కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీద మోటరు లాగుతారు. 'రెండు ఫేజుల మీద నడిపావా?' అని అడిగితే ఎవరైనా 'లేదు' అనే అంటారు. 'మీ తట్టు త్రీఫేజు ఎన్ని గంటలకు వస్తుంది? ఎండాకాలం సరిపోక కొందరు కండెన్సర్ పెడుతున్నారు కదా, మీ దాంట్లో ఉందా? ఉంటే దానికి తగ్గట్టు చెప్తా' అంటే జవాబు వస్తుంది. రెండో తీరులో నేరం లేదు, దాన్ని చెప్పడానికి ఒక మర్యాదైన కారణం కూడా మీరే ఇచ్చారు.

మిగతావీ ఇదే వరసలో అడగండి. నీళ్ళు నిండుగా వస్తున్నాయా, ఆగి ఆగి గాలి కొట్టి వస్తున్నాయా? ఆగి వస్తుంటే బోరు అడుగంటింది. స్టార్టర్ గుర్రుమంటూ కొట్టుకుంటోందా? అయితే వోల్టేజీ తక్కువ. కరెంటు రాగానే మోటరు దానంతటదే లేస్తుందా? ఆటో స్టార్టర్ ఉంటే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటర్లన్నీ ఒక్కసారే లేచి వోల్టేజీని తొక్కేస్తాయి. కరెంటు ఎక్కువైతే మోటరును ఆపే రిలే ఎంత మీద ఉంది? మాటిమాటికీ పడిపోతోందని పెంచేశారా? ఇది తరచుగా దొరికే దొంగ. మోటరును స్టార్‌లో లేపి డెల్టాకు మార్చే స్టార్-డెల్టా స్టార్టర్‌లో రిలే వైండింగ్ దారిలో ఉంటే దాన్ని నేమ్ ప్లేటు ఆంపియర్లలో 58 శాతానికే పెట్టాలి. 14 ఆంపియర్ల మోటరుకు అది సుమారు 8. పద్నాలుగు మీదే పెట్టి ఉంటే రిలే ఉండీ లేనట్టే. కరెంటు పది శాతం ఎక్కువ లాగితే కాయిల్లో వేడి 21 శాతం పెరుగుతుందని, మూడు ఫేజుల వోల్టేజీలో చిన్న తేడా ఉన్నా ఆంపియర్లలో దానికి ఆరు నుంచి పది రెట్ల తేడా వస్తుందని నెమ్మదిగా చెప్పండి. గెలిచినట్టు చెప్పొద్దు.

ఇక తేలిన దాన్ని బట్టి నడుచుకోవడం. లోపం మీదే అయితే ఆలస్యం చేయకుండా, మీ నోటితో, అందరి ముందూ చెప్పండి: 'ఇది నా అంగట్లో జరిగిందే మామా.' తీగ, కూలి మీవి. మోటరు ఎత్తి దించిన ఖర్చులో ఎంత పెట్టుకోగలరో ముందే మనసులో ఒక మొత్తం అనుకొని ఉండండి, సగమైనా సరే. అక్కడికక్కడ బేరమాడితే మంచి పనికి కూడా చెడ్డ పేరు వస్తుంది. చేతి నుంచి కొంత పోతుంది, నిజమే. కాలిన తీరు చూపించి తప్పు ఒప్పుకున్న అంగడిని మాత్రం ఆ నలుగురూ మరిచిపోరు. తర్వాతెప్పుడో 'ఈసారి తప్పు నీ రిలేదే' అని మీరు చెప్పినప్పుడు నమ్ముతారు. ఆ నమ్మకం ఇంకో దారిలో రాదు.

కారణం పొలంలో ఉంటే వైండింగ్ డబ్బులు తీసుకోండి. మొహమాటానికి మాఫీ చేయొద్దు. చేస్తే లోపం మీదేనని ఊరు అనుకుంటుంది, మీరు లోపల కుమిలిపోతారు, ఆ కుమిలింది ఇంకో రైతు మీద కక్కుతారు. డబ్బు తగ్గించే బదులు పనికొచ్చేది ఇవ్వండి: మోటరు దించే రోజు, తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు చూసే క్లాంపు మీటరు తీసుకొని వెళ్ళి, నీళ్ళు పడ్డాక మూడు ఫేజుల ఆంపియర్లు చూసి, రిలే సరిగ్గా పెట్టి రండి. అరగంట పని. నీళ్ళు అడుగంటిన బోరైతే లోతు ఉంటే ఇంకో పైపు దించమని, లేకపోతే నీళ్ళు లేనప్పుడు మోటరును ఆపే డ్రై రన్ ప్రివెంటర్ పెట్టి, గంట నడిపి బోరు ఊరేదాకా ఆపమని చెప్పండి. ఒక ఫేజు పోగానే మోటరును ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ లేని స్టార్టరు చూస్తే అది పెట్టించనిదే మోటరు దించొద్దని గట్టిగా చెప్పండి. గట్టిగా చెప్పడం మంచితనంలో భాగమే.

ఏదీ తేలకపోతే? అలాంటివి ఉంటాయి. 'తేలలేదు' అని చెప్పి తీగ ఖర్చు ఒకరు, కూలి ఒకరు భరించేలా మాట్లాడుకోవడం ఒక మంచి పద్ధతి.

నెత్తికెక్కుతారన్న మీ భయానికి మందు కరకుదనంలో లేదు, చీటీలో ఉంది. కార్బన్ పేపరు పుస్తకం ఒకటి పెట్టుకోండి. మోటరు ఇచ్చే రోజు అందులో రాయాల్సినవి: తేదీ, హెచ్‌పీ, కంపెనీ, మోటరు నంబరు, ఎన్ని కిలోల తీగ పట్టింది, మూడు ఫేజుల రెసిస్టెన్సు విడివిడిగా, మెగ్గర్ రీడింగు. ప్లాస్టిక్ పొర ఉన్న పాలీ తీగ వైండింగ్ అయితే రాత్రంతా నీళ్ళలో ఉంచి పొద్దున మెగ్గర్ చూసి రాయండి, పొడిగా ఉన్నప్పటి రీడింగు ఎవరినీ కాపాడదు. మోటరులో శుభ్రమైన నీళ్ళు నింపి, గాలి బుడగలు పోయేదాకా ఆగి, మళ్ళీ పైదాకా నింపినట్టు కూడా ఒక గీత రాయండి. కింద తెలుగులో రెండు వాక్యాలు: వైండింగ్ లోపానికి ఎన్ని నెలల హామీయో ఒకటి, ఒక ఫేజు పోయి లేదా నీళ్ళు లేకుండా నడిచి కాలితే హామీ వర్తించదని ఇంకొకటి.

ఆ రెండో వాక్యాన్ని మోటరు ఇచ్చేటప్పుడే, అందరూ సంతోషంగా ఉన్న వేళ, చదివి వినిపించండి. అప్పుడు అది జాగ్రత్తలా వినపడుతుంది. కాలాక మొదటిసారి చెబితే తప్పించుకునే సాకులా వినపడుతుంది. ఒకే మాట, రెండు వేళల్లో రెండు రకాల విలువ. చట్టం వైపు చూసినా ఈ చీటీయే మీకు అండ. డబ్బు తీసుకొని చేసే మరమ్మతు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవే. నచ్చని రైతు రెండేళ్ళలోపు జిల్లా కమిషన్‌కు పోవచ్చు, ఐదు లక్షల వరకు విలువకు ఆయనకు ఫీజు కూడా లేదు. చీటీ, దాని మీద ఆయన సంతకం ఉంటే మీకు భయపడాల్సిన పని లేదు, భయం లేని మనిషికి అరవాల్సిన అవసరమూ ఉండదు.

తిట్టు, చేయి ఎత్తడం మాత్రం వేరే సంగతి. ఇంట్లో ఆడవాళ్ళ మీదికి మాట పోయినా, పనిపిల్లల మీద చేయి పడినా, 'మామా, మోటరు సంగతి ఎంతసేపైనా మాట్లాడదాం. ఈ మాటతో అయితే ఇవాళ్టికి ఆపేద్దాం' అని గొంతు పెంచకుండా చెప్పి లోపలికి వెళ్ళండి. మొహం కడుక్కొని రండి. దెబ్బ దాకా పోతే పోలీసు స్టేషను ఉంది. మంచితనం అంటే అన్నీ పడి ఉండడం అని ఎవరూ అనలేదు.

మీ ఉత్తరంలో లేని ఒక మాట అడగాలనిపిస్తోంది. అంగట్లో పనిపిల్లలతో మీరు ఎట్లా ఉంటారు? పాలీ తీగ మీద గోరంత గీత పడితే చాలు, మోటరు నీళ్ళలో దిగాక అక్కడే పొడుస్తుంది. ఆ గీత పడ్డ క్షణం తెలిసేది దూర్చిన పిల్లవాడికి మాత్రమే. 'అన్నా, ఇక్కడ తీగ గీసుకుంది' అని వాడు మీతో చెప్పగలగాలి. చెబితే చెంప పగులుతుందనుకుంటే టేపు చుట్టి లోపలికి తోసేస్తాడు. అది ఏ రైతు కష్టమవుతుందో ఎవరికి తెలుసు? చెప్పిన పిల్లవాణ్ని 'మంచి పని చేశావురా, తీసేద్దాం' అని మెచ్చుకోండి, ఆ కాయిలు మొత్తం తీసి కొత్తది వేయించండి. పోయేది వందల్లో తీగ, తప్పేది వేలల్లో నష్టం. అంగట్లో హుషారుగా ఉండే యజమాని ఉంటే ఇలాంటి సంగతులు పొద్దున్నే తెలిసిపోతాయి. చిటపటలాడే యజమానికి బోరులో మోటరు కాలాకే తెలుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మీ చిటపట ఎక్కువయ్యే వేళ ఏదో కనిపెట్టండి. చాలామందికి అది మధ్యాహ్నం రెండు గంటలు: ఎండ, ఆకలి, వైండింగ్ ఆరబెట్టే ఓవెన్ వేడి, ఫోన్లు. ఒంటి గంటకే అన్నం తినండి, గొడవ ఉన్న మోటర్లు పొద్దున పూట విప్పండి.

కరెంటు వాళ్ళతోనూ ఇదే పద్ధతి పని చేస్తుంది. వోల్టేజీ వల్లే మోటర్లు కాలుతున్న ఊరని తేలితే రైతుతో కలిసి కూర్చుని కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోను చేయించండి. సర్వీసు నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసి ఉన్న నంబరు, ఏ వేళ ఎన్ని వోల్టులు చూశారో మూడు రోజుల లెక్క చెప్పించండి, ఫిర్యాదు నంబరు రాయించుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పల్లెల్లో 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణం ఉంది. దాన్ని బెదిరింపుగా కాకుండా గుర్తుచేస్తున్నట్టు చెప్పమనండి. లైన్‌మన్‌ను 'ఎందుకు రాలేదు' అంటే సాకు వస్తుంది, 'ఎప్పటికి రాగలవన్నా, మేము స్తంభం దగ్గర ఉంటాం' అంటే వేళ వస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు ఊరికే అనలేదు. ఇంకో మాట: స్తంభం ఎక్కే పని ఆయనే చేయాలి, తొందరలో రైతును గానీ మీ పిల్లవాణ్ని గానీ ఎక్కనీయకండి.

ఇక ఆ ఊరి సంగతి. మంచిగా ఉంటే వెంటనే బేరం తిరిగి వస్తుందని మేము మాట ఇవ్వలేం. కొందరు మీ ఓపికను వాడుకొని డబ్బు ఎగ్గొడతారు కూడా, అలాంటి వాళ్ళకు మర్యాద తగ్గించకుండా అప్పు ఆపేయండి. ఆ రైతు దగ్గరికి మాత్రం ఒకసారి వెళ్ళండి. కరెంటు వచ్చే వేళ వద్దు, ఆయన ధ్యాసంతా స్టార్టరు మీదే ఉంటుంది. సాయంత్రం, ఇంటి దగ్గర, ఒక్కరే వెళ్ళండి. రచ్చబండ దగ్గర నలుగురిలో మొదలుపెడితే ఆయన మళ్ళీ ఆనాటి కోపాన్ని మోయాల్సి వస్తుంది. మిఠాయి, డబ్బు తీసుకెళ్ళొద్దు, లంచంలా ఉంటుంది. చెప్పాల్సింది ఇంతే: 'ఆ రోజు నేను మాట తూలినాను మామా. విప్పి చూసి ఉండాల్సింది, చూడలేదు. ఇప్పుడు మోటరు బాగా నడుస్తోందా?' మీరు విప్పి చూడలేదు కాబట్టి వైండింగ్ మంచిదేనని గానీ చెడ్డదని గానీ మాట్లాడకండి. ఆయన ఏమైనా అంటే వినండి.

నడుస్తోందంటే సంతోషమని చెప్పండి. ఇంకో అంగడి వైండింగ్‌ను పొగడొద్దు, తప్పుపట్టొద్దు. మళ్ళీ కాలిందంటే, లేదా గుర్రుమంటోందంటే, క్లాంపు మీటరు బండిలో ఉంటుంది కదా, ఆంపియర్లు చూసి చెప్పి రండి, డబ్బు తీసుకోకండి. మోటరు నాకే ఇమ్మని అడగొద్దు. ఆయన తలుపు దగ్గరే నిలబెట్టి పంపినా ఇంకోసారి వెళ్ళొద్దు, దారిలో కనపడితే మాత్రం మామూలుగా పలకరించండి.

ఇక వచ్చే ఎండాకాలానికి ఒక ఏర్పాటు. పాత మోటర్లు అమ్మే చోట ఐదు హెచ్‌పీ, ఏడున్నర హెచ్‌పీ ఒక్కోటి కొని, మీరే వైండింగ్ కట్టి, ఫిబ్రవరి నెలాఖరుకల్లా నీళ్ళలో ఉంచి మెగ్గర్ చూసి సిద్ధంగా పెట్టుకోండి. పంపు కప్లింగు కొలతలు సరిపోతాయో లేదో ముందే చూసుకోవాలి, కంపెనీని బట్టి తేడాలు ఉంటాయి. రెండోసారి కాలి వచ్చిన మోటరు రైతుకు వాటిలో ఒకటి ఇచ్చి పంపితే ఆయన తోట తడుస్తూ ఉంటుంది, మీకు తొందర లేకుండా విప్పి చూసే వ్యవధి దొరుకుతుంది. ఇచ్చేటప్పుడు చీటీ రాసి సంతకం పెట్టించుకోండి, ఎన్ని రోజులకో అందులో రాయండి. రిలేను ఆ మోటరు ఆంపియర్లకు మార్చమని రైతుతోనే చదివించి పంపండి.